208 సెకన్లలో ఒకరు, 2 గంటల్లో ఇంకొకరు: ఆకాశంలో ఆపద వేళ పైలట్ల రికార్డులు

విమానం 35 వేల అడుగుల ఎత్తులో ఎగురుతుండగా లోపలి గాలి పీడనం ఒక్కసారిగా పడిపోయిందనుకోండి. ఆక్సిజన్ మాస్క్ పెట్టుకోని మనిషి బుర్ర సవ్యంగా పనిచేసేది అర నిమిషం నుంచి ఒక నిమిషం. 40 వేల అడుగుల దగ్గరైతే 15 నుంచి 20 సెకన్లే. మరో విమానం ఎదురొస్తోందని టీకాస్ యంత్రం హెచ్చరించి, పైకి పొమ్మనో కిందికి దిగమనో చెబితే, పైలట్ 5 సెకన్లలో స్పందించాలి. ఆ ఆదేశం మధ్యలో మారితే అంత వ్యవధి కూడా ఉండదు, రెండున్నర సెకన్లే.

ఈ అంకెలు చూస్తే పైలట్ పనంటే మెరుపులా చేతులు కదపడమే అనిపిస్తుంది. కానీ రికార్డులకెక్కిన అత్యవసర ఘటనలను వరసగా పెట్టుకుని చదివితే కనిపించేది వేరు. క్షేమంగా దిగిన విమానాల్లో పైలట్లు మొట్టమొదట తేల్చుకున్నది తమ చేతిలో ఎంత సమయం ఉందన్న విషయం. సమయం లేనప్పుడు ఉందనుకున్నవాళ్లూ నష్టపోయారు, ఉన్నప్పుడు దాన్ని గమనించనివాళ్లూ నష్టపోయారు. అందుకే ఈ రికార్డులను గడియారం ప్రకారం చెప్పుకోవాలి.

నిమిషం కూడా లేనప్పుడు

2008 జనవరి 17న బీజింగ్ నుంచి లండన్ హీత్రో వస్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 38 విమానానికి రన్‌వే కళ్లెదుటే ఉంది. నేలకు 720 అడుగుల ఎత్తులో ఉండగా రెండు ఇంజిన్లలోనూ శక్తి తగ్గిపోయింది. అడిగినా పెరగలేదు. గడ్డకట్టే చలిలో గంటల తరబడి ప్రయాణించిన ఆ బోయింగ్ 777 ఇంధనంలో మంచు పలుకులు ఏర్పడి, ఇంజిన్‌కు ఇంధనం వెళ్లే దారికి అడ్డుపడ్డాయని తర్వాత దర్యాప్తులో తేలింది. అప్పటికి మిగిలింది నిమిషం లోపు. చెక్‌లిస్టు తీసి చదివే వ్యవధి లేదు.

విమానం నడుపుతున్నది కో-పైలట్ జాన్ కవర్డ్. కెప్టెన్ పీటర్ బర్కిల్ కంట్రోళ్లు లాక్కోలేదు. రెక్కల వెనక కిందికి దించిన ఫ్లాప్స్‌ను 30 నుంచి 25కు తగ్గించాడు. ల్యాండింగ్ ముంగిట ఫ్లాప్స్ తగ్గించమని ఏ పాఠమూ చెప్పదు. కానీ దానివల్ల గాలి నిరోధం తగ్గి విమానం మరో 50 మీటర్లదాకా ముందుకు సాగింది. రన్‌వేకు 300 మీటర్ల పైచిలుకు ఇవతల, విమానాశ్రయం ప్రహరీ లోపలి గడ్డిలో కూలబడింది. లోపలున్న 152 మందీ బతికారు. సెకన్ల లెక్కన చూస్తే ప్రయాణికుల విమానంలో ఇంత తక్కువ వ్యవధిలో ఇంత పనికొచ్చిన నిర్ణయం మరొకటి దొరకడం కష్టం.

208 సెకన్లు

2009 జనవరి 15 మధ్యాహ్నం. న్యూయార్క్‌లోని లాగ్వార్డియా నుంచి షార్లట్‌కు బయల్దేరిన యూఎస్ ఎయిర్‌వేస్ 1549 విమానం 2,800 అడుగుల ఎత్తుకు చేరేసరికి కెనడా బాతుల గుంపు ఎదురొచ్చింది. రెండు ఇంజిన్లూ దాదాపు ఒకేసారి చచ్చుబడ్డాయి. అక్కడి నుంచి హడ్సన్ నది నీళ్లను తాకేదాకా గడిచింది 208 సెకన్లు. మొత్తం 155 మంది బతికారు. ఈ కథ తెలియనివాళ్లు తక్కువే. కానీ కాక్‌పిట్‌లో పని ఎలా పంచుకున్నారన్నది అంతగా చెప్పుకోరు. నా దృష్టిలో అసలు విశేషం అదే.

టేకాఫ్ చేసింది కో-పైలట్ జెఫ్రీ స్కైల్స్. పక్షులు తగలగానే కెప్టెన్ చెస్లీ సల్లెన్‌బర్గర్ విమానాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు. ఏ320 నడపడంలో స్కైల్స్ కొత్తవాడు, శిక్షణ ముగించుకుని చేస్తున్న మొదటి ట్రిప్ అది. కొత్తవాడు కాబట్టే చెక్‌లిస్టులు అతనికి నోటికి వచ్చు, ఏది ఏ పేజీలో ఉందో ఇట్టే తెలుసు. కెప్టెన్‌కు ఆ విమానంలో అనుభవం ఎక్కువ, పైగా నగరం, నది కనిపిస్తున్నది అతని కిటికీ వైపు. అందుకే అతను నడపడం, ఇతను చదవడం. ఆ పంపకం జరగడానికి క్షణమైనా పట్టలేదు.

రెండు ఇంజిన్లూ పోతే చదవాల్సిన ఆ చెక్‌లిస్టు మూడు పేజీల పొడవుంది. అది 20 వేల అడుగుల పైన, చేతిలో బోలెడు సమయం ఉన్నప్పుడు వాడతారన్న ఊహతో రాసింది. 2,800 అడుగుల దగ్గర దాన్ని పూర్తి చేయడం అసాధ్యం. మూడింట ఒక వంతు చదివేసరికే నది వచ్చేసింది. అయితే ఆ జాబితాలో ఎంతో కిందికి ఉన్న ఒక పనిని సల్లెన్‌బర్గర్ మొదటి సెకన్లలోనే చేసేశాడు: తోకలో ఉండే సహాయక విద్యుత్ యూనిట్‌ను ఆన్ చేశాడు. ఇంజిన్లు ఆగినా విమానానికి కరెంటు ఆగలేదు. వేగం మరీ పడిపోకుండా, ముక్కు మరీ పైకి లేవకుండా కాపాడే కంప్యూటర్ రక్షణలు చివరిదాకా పనిచేశాయి. జాబితాను పక్కనపెట్టడం వేరు, జాబితాలో ఏది ముఖ్యమో తెలిసి ముందుకు లాక్కోవడం వేరు. ఆయన చేసింది రెండోది.

తర్వాత దర్యాప్తులో సిమ్యులేటర్ పరీక్షలు జరిపారు. పక్షులు తగిలిన మరుక్షణమే వెనక్కి తిప్పితే కొన్నిసార్లు లాగ్వార్డియా రన్‌వే అందింది. మనిషి పరిస్థితిని అర్థం చేసుకుని నిర్ణయానికి రావడానికి పట్టే సమయంగా 35 సెకన్లు కలిపి చూస్తే అందలేదు. ఆ 35 సెకన్లను లెక్కలోకి తీసుకోవడం న్యాయం. యంత్రం ముందే తెలిసిన ప్రశ్నకు జవాబు చెబుతుంది, పైలట్‌కు ముందు ప్రశ్న ఏమిటో తెలియాలి.

దీని పక్కనే పెట్టి చూడాల్సిన ఘటన అదే ఏడాది జరిగింది. 2009 జూన్ 1న రియో డి జనీరో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో, అట్లాంటిక్ మీద మేఘాల మధ్య, వేగాన్ని కొలిచే పిటో గొట్టాలు మంచుతో మూసుకుపోయి ఆటోపైలట్ ఆగిపోయింది. అక్కడి నుంచి సముద్రంలో పడేదాకా 4 నిమిషాల 23 సెకన్లు. హడ్సన్ పైలట్లకు దొరికినదానికంటే దాదాపు నిమిషం ఎక్కువ. ఇంజిన్లు రెండూ బాగున్నాయి. వేగం అంకెలు తప్పుగా కనిపించింది కూడా నిమిషం లోపే. కానీ ఆ గందరగోళంలో ముక్కు పైకి ఎత్తిపెట్టడంతో విమానం గాలిలో నిలవలేని స్థితికి చేరింది, ఏం జరుగుతోందో కాక్‌పిట్‌లో ఎవరికీ అంతుపట్టలేదు. 228 మంది చనిపోయారు. పైలట్ శిక్షణ మొదటి రోజుల్లోనే ఒక వరస నేర్పుతారు: ముందు విమానాన్ని ఎగరనివ్వు, తర్వాత ఎటు వెళ్లాలో చూసుకో, ఆ తర్వాతే ఎవరితోనైనా మాట్లాడు. ఆ మొదటి మెట్టు అంత తేలిక కాదని ఈ ప్రమాదం చూపింది. ఆ తర్వాత ప్రపంచమంతటా ఎత్తైన ఆకాశంలో చేత్తో విమానం నడపడం మీద శిక్షణ పెంచారు.

ఇంజిన్ లేకుండా అతి ఎక్కువ దూరం

ప్రయాణికుల జెట్ విమానం ఇంజిన్ శక్తి ఏమాత్రం లేకుండా అత్యధిక దూరం ప్రయాణించిన రికార్డు ఎయిర్ ట్రాన్సాట్ 236ది. 2001 ఆగస్టు 24న టొరంటో నుంచి లిస్బన్ వెళ్తున్న ఆ ఏ330లో 306 మంది ఉన్నారు. కుడి ఇంజిన్‌లో సరిపోలని విడిభాగం బిగించడంతో ఇంధనం గొట్టం ఒరుసుకుని చిల్లు పడింది. అట్లాంటిక్ నడుమ మొదట ఒక ఇంజిన్, 13 నిమిషాలకు రెండోది ఆగాయి. అక్కడి నుంచి 19 నిమిషాలు, సుమారు 120 కిలోమీటర్లు గాలిలో జారుతూ వచ్చి, కెప్టెన్ రాబర్ట్ పిషే, కో-పైలట్ డిర్క్ డి జాగర్ దాన్ని అజోర్స్ దీవుల్లోని లాజెస్ వైమానిక స్థావరంలో దించారు. రెండోసారి ప్రయత్నించే అవకాశం లేదు. ఎత్తు ఎక్కువైతే రన్‌వే దాటిపోతారు, తక్కువైతే సముద్రం. టైర్లు పేలాయి, కొందరికి గాయాలయ్యాయి, ప్రాణం ఒక్కటీ పోలేదు.

ఈ కథలో రెండో ముఖం కూడా ఉంది. ఇంధనం ఒకవైపు తగ్గుతోందని కంప్యూటర్ చూపినప్పుడు, బాగున్న ట్యాంకు నుంచి అటువైపు ఇంధనం మళ్లించే వాల్వు తెరిచింది ఈ పైలట్లే. అంటే మంచి ఇంధనం కూడా చిల్లులోంచే పోయింది. లీకు జరిగితే వాడాల్సిన చెక్‌లిస్టు వాళ్లు తీయలేదని దర్యాప్తు నివేదిక రాసింది. లీకవుతోందని నమ్మడానికి మనసు ఒప్పుకోలేదు, కంప్యూటర్ తప్పు చూపిస్తోందనుకున్నారు. చేతిలో సమయం ఉన్న దశలో జరిగిన పొరపాటు, సమయం లేని దశలో చూపిన అపార నైపుణ్యం రెండూ ఆ ఇద్దరివే. రెండింటినీ కలిపి చెప్పుకుంటేనే వాళ్ల గౌరవం నిలబడుతుంది.

ఈ రికార్డుకు ముందు అందరి నోటా ఉన్న పేరు గిమ్లీ గ్లైడర్. 1983 జూలై 23, ఎయిర్ కెనడా 143, మాంట్రియల్ నుంచి ఒటావా మీదుగా ఎడ్మంటన్. కొత్త బోయింగ్ 767. కెనడా అప్పుడే పౌండ్ల నుంచి కిలోలకు మారుతోంది. విమానంలో ఇంధనం చూపే మీటరు పనిచేయడం లేదు, ట్యాంకులో కొలిచి లెక్క వేశారు. కావలసింది 22,300 కిలోలు. విమాన ఇంధనం లీటరు 0.8 కిలోల బరువుంటుంది, కానీ లెక్కలో వాడిన అంకె 1.77, అది పౌండ్ల అంకె. ఫలితంగా 22,300 పౌండ్లే, అంటే అవసరమైనదాంట్లో సగం కూడా లేకుండా బయల్దేరారు. 41 వేల అడుగుల ఎత్తులో హెచ్చరికలు మొదలయ్యాయి, కాసేపటికి ఇంజిన్లు రెండూ ఆగిపోయాయి, కాక్‌పిట్‌లో తెరలు ఆరిపోయాయి. గాలికి తిరిగే చిన్న టర్బైన్ ఒకటి కిందికి దిగి కంట్రోళ్లకు కాస్త శక్తినిచ్చింది.

కెప్టెన్ బాబ్ పియర్సన్ సెలవు రోజుల్లో గ్లైడర్లు నడిపేవాడు. కో-పైలట్ మోరిస్ క్వింటల్ ఒకప్పుడు గిమ్లీ అనే ఊళ్లోని వైమానిక స్థావరంలో పనిచేశాడు. ఒకరికి ఇంజిన్ లేకుండా ఎగరడం తెలుసు, ఇంకొకరికి దగ్గర్లో రన్‌వే ఎక్కడుందో తెలుసు. ఇంతటి కలయిక విమానయాన చరిత్రలో మళ్లీ జరిగిందా అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. అయితే ఆ స్థావరం మూతపడి కారు పందేల ట్రాక్ అయిందని క్వింటల్‌కు తెలియదు. ఆ రోజు అక్కడ పందేల సందడి, కుటుంబాలతో వచ్చిన జనం. ఇంజిన్ల చప్పుడు లేని విమానం కాబట్టి కిందివాళ్లకు దగ్గరికొచ్చేదాకా తెలియనే లేదు.

రన్‌వే దగ్గరకొచ్చేసరికి ఎత్తు ఎక్కువుంది. చుట్టు తిరిగే ఓపిక విమానానికి లేదు. పియర్సన్ గ్లైడర్లలో వాడే ఉపాయం వాడాడు: చుక్కానిని ఒకవైపు, రెక్కల కంట్రోలును దానికి వ్యతిరేకంగా తిప్పి విమానాన్ని గాలికి అడ్డంగా, వాలుగా జార్చాడు. వేగం పెరగకుండా ఎత్తు తగ్గింది. అంత పెద్ద జెట్‌లో ఎవరూ చేయని పని. నేల తాకాక ముందు చక్రం ముడుచుకుపోయింది, ముక్కు నేలకు రాసుకుంటూ ఆగింది. 69 మందీ క్షేమం. తర్వాత వేరే పైలట్లు సిమ్యులేటర్‌లో ఇదే పరిస్థితిని ఎదుర్కొంటే విమానం కూలిపోయింది. కంపెనీ మాత్రం ఇంధనం లెక్క తప్పినందుకు పియర్సన్‌కు ఆరు నెలల పాటు హోదా తగ్గించింది. రెండేళ్లకు అంతర్జాతీయ వైమానిక సమాఖ్య అదే ఇద్దరికీ నైపుణ్య పురస్కారం ఇచ్చింది.

మన తిరుపతి పొలాల్లో

ఇంధనం అయిపోయిన విమానాల జాబితాలో తెలుగు నేల పేరు కూడా ఉంది. 1993 నవంబరు 15న మద్రాసు నుంచి హైదరాబాద్ బయల్దేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ300 విమానంలో 262 మంది ఉన్నారు. వాళ్లలో చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి సహా తెలుగు సినిమావాళ్లు చాలామంది. పరిశ్రమ అప్పటికింకా మద్రాసు, హైదరాబాద్‌ల మధ్య తిరుగుతున్న రోజులవి.

బేగంపేట దగ్గర ముందేమీ సరిగా కనిపించక పైలట్లు దిగకుండా మళ్లీ పైకి లేపారు. అప్పుడు దించిన ఫ్లాప్స్ వెనక్కి ముడుచుకోలేదు. ఫ్లాప్స్ తెరిచి ఉంటే గాలి నిరోధం ఎక్కువ, విమానం వేగంగానూ ఎత్తులోనూ వెళ్లలేదు, ఇంధనం అంచనాకు మించి తాగుతుంది. అలాగే మద్రాసు వైపు తిరిగారు. ఇంధనం అంతదూరం రాలేదు. తిరుపతి దగ్గర వరి పొలాల్లో విమానాన్ని దించేశారు. అంత పెద్ద విమానం, చక్రం మోపడానికి గట్టి నేల లేని పొలం, 262 మంది, ఒక్క ప్రాణనష్టం లేదు. విమానం మాత్రం మళ్లీ ఎగరలేదు.

ఆ ఘటన గురించి మనవాళ్లు చెప్పుకునేటప్పుడు ఎవరెవరు అందులో ఉన్నారన్న మాటే ఎక్కువ వినిపిస్తుంది. ఫ్లాప్స్ ముడుచుకోనప్పుడు గడియారమే మారిపోతుందన్నది దానికంటే పెద్ద విషయం. మామూలుగా గంటకు సరిపోయే ఇంధనం అప్పుడు గంటకు సరిపోదు. ఎటు వెళ్లాలన్న నిర్ణయం ఆ కొత్త లెక్కతో జరగాలి.

నాలుగు ఇంజిన్లూ ఆగిన వేళ

1982 జూన్ 24 రాత్రి బ్రిటిష్ ఎయిర్‌వేస్ 9, లండన్ నుంచి బొంబాయి, మద్రాసు, కౌలాలంపూర్ మీదుగా వచ్చిన జంబో జెట్, పెర్త్ వైపు వెళ్తూ జావా దీవి మీద 37 వేల అడుగుల ఎత్తులో ఉంది. కిటికీ అద్దాల మీద నీలి మెరుపులు ఆడాయి, క్యాబిన్‌లోకి పొగ వాసన వచ్చింది, ఒకటి తర్వాత ఒకటిగా నాలుగు ఇంజిన్లూ ఆగాయి. గలుంగ్గుంగ్ అగ్నిపర్వతం చిమ్మిన బూడిద మేఘంలోకి వెళ్లామని కెప్టెన్ ఎరిక్ మూడీకిగానీ మిగతావాళ్లకుగానీ తెలియదు. బూడిదలో తేమ లేదు కాబట్టి విమానంలోని వాతావరణ రాడార్‌కు అది కనబడదు.

ఇంజిన్ల శక్తి లేకపోతే 23 నిమిషాలు, సుమారు 169 కిలోమీటర్లు జారగలమని లెక్క వేశారు. 12 వేల అడుగులకు దిగేలోపు ఇంజిన్లు రాకపోతే జావా కొండలు దాటలేం, సముద్రం వైపు తిప్పి నీళ్లలో దింపాలి అని మూడీ ముందే గీత గీసుకున్నాడు. అలాంటి గీత ముందే గీసుకున్నవాడికి ఆఖరు క్షణంలో తర్జనభర్జన ఉండదు. ప్రయాణికులకు మైకులో ఆయన చేసిన ప్రకటన పైలట్ల లోకంలో ఇప్పటికీ ప్రసిద్ధం: చిన్న సమస్య వచ్చింది, నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి, వాటిని మళ్లీ నడిపించడానికి చేతనైనంతా చేస్తున్నాం, మీరు మరీ కంగారు పడటం లేదని ఆశిస్తున్నాను అన్నది దాని సారాంశం. 13,500 అడుగుల దగ్గర ఒక ఇంజిన్ అందుకుంది, తర్వాత మిగతావి. వేడికి కరిగి అంటుకున్న బూడిద, ఇంజిన్లు చల్లబడ్డాక గట్టిపడి ఊడిపోవడమే దానికి కారణం. బూడిద గీసేయడంతో ముందు అద్దంలోంచి ఏమీ కనబడలేదు, అంచున మిగిలిన సన్నని చీలికలోంచి చూస్తూ జకార్తాలో దించారు. 263 మందీ క్షేమం. ఇప్పుడు ప్రపంచాన్ని తొమ్మిది కేంద్రాలు పంచుకుని అగ్నిపర్వత బూడిద మీద నిఘా పెట్టి పైలట్లను హెచ్చరిస్తున్నాయి.

అతి చిన్న కారణం

0.66 మిల్లీమీటర్లు. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మాలగా వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 ముందు అద్దాన్ని ఊడగొట్టిన తేడా అది. కొత్తగా బిగించిన అద్దానికి వాడిన 90 బోల్టుల్లో 84 అంత మేరకు సన్నవి. 17,300 అడుగుల ఎత్తులో అద్దం ఎగిరిపోయింది, కెప్టెన్ టిమ్ లాంకాస్టర్ నడుము దాకా బయటికి లాగబడ్డాడు. సిబ్బందిలో ఒకరైన నైజెల్ ఆగ్డెన్ పరుగున వచ్చి ఆయన నడుము పట్టుకున్నాడు, ఆగ్డెన్ చేతులు అలసిపోతే మిగతావాళ్లు అందుకున్నారు. కెప్టెన్ చనిపోయాడనే అందరూ అనుకున్నారు, అయినా వదల్లేదు.

కాక్‌పిట్‌లో మిగిలింది కో-పైలట్ అలస్టర్ ఆచిసన్. గాలి హోరుకు కంట్రోల్ టవర్ మాటలు వినపడవు. కాగితాలు, మ్యాపులు ఎగిరిపోయాయి. ముందు విమానాన్ని గాలి పీల్చుకోగలిగే ఎత్తుకు దించి, తర్వాత దారి చూసుకుని, తనకు అలవాటు లేని సౌతాంప్టన్ విమానాశ్రయంలో దాదాపు 22 నిమిషాల్లో క్షేమంగా దింపాడు. లాంకాస్టర్ బతికాడు, అర ఏడాది కూడా కాకముందే మళ్లీ విమానం నడిపాడు. గాలిలో వేలాడిన కెప్టెన్ కథ అందరికీ గుర్తుంది. ఒక్కడే కూర్చుని, పక్కన తన కెప్టెన్ కాళ్లు తప్ప ఏమీ కనబడని స్థితిలో, నేర్చుకున్న వరస తప్పకుండా పనిచేసిన ఆచిసన్ పేరు కూడా అంతే గుర్తుండాలి.

ఇంతకంటే చిన్న కారణం పెద్ద విషాదానికి దారితీసిన రోజూ ఉంది. 1972 డిసెంబరు 29 రాత్రి, మయామీ దగ్గర ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401లో ముందు చక్రం దిగిందని చూపే చిన్న బల్బు వెలగలేదు. కాక్‌పిట్‌లోని వాళ్లంతా ఆ బల్బు మీదే పడ్డారు. ఆటోపైలట్ ఎత్తు నిలపడం మానేసింది, విమానం నెమ్మదిగా దిగుతోందని ఎవరూ గమనించలేదు. చిత్తడి నేలలో కూలి 101 మంది చనిపోయారు. వాళ్లకు సమయం కొదవ లేదు. విమానం నడిపే పని ఒకరికి అప్పగించి ఉంటే చాలు.

తిప్పితే తిరగని విమానం

1978 డిసెంబరు 28న పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ 173 చక్రాల సమస్య తేల్చుకుంటూ చక్కర్లు కొడుతూనే ఇంధనం అయిపోయి కూలింది, పదిమంది పోయారు. ఇంధనం గురించి కెప్టెన్‌కు గట్టిగా చెప్పలేకపోవడం, వినకపోవడం కారణమని తేలాక అమెరికాలో కొత్త శిక్షణ మొదలైంది. కెప్టెన్ ఒక్కడే రాజు కాదు, కాక్‌పిట్‌లో ప్రతి గొంతూ పనికొస్తుంది అన్నది దాని సారం. 1981లో యునైటెడ్ దాన్ని తన పైలట్లందరికీ తెచ్చింది.

ఎనిమిదేళ్లకు ఆ పాఠం అక్కరకొచ్చింది. 1989 జూలై 19న డెన్వర్ నుంచి షికాగో వెళ్తున్న యునైటెడ్ 232 అనే డీసీ-10 విమానం తోక ఇంజిన్‌లో ఫ్యాన్ డిస్కు పగిలి, ముక్కలు మూడు హైడ్రాలిక్ వ్యవస్థలనూ తెంపేశాయి. రెక్కల, తోక కంట్రోళ్లు ఏవీ కదలవు. అలాంటి పరిస్థితికి చెక్‌లిస్టే లేదు, అది జరగదనే అందరి నమ్మకం. కెప్టెన్ ఆల్ హేన్స్ తనకు తెలియదని ఒప్పుకోవడానికి జంకలేదు. ప్రయాణికుల్లో డీసీ-10 శిక్షకుడు డెనిస్ ఫిచ్ ఉన్నాడు. పిలిస్తే వచ్చి, కెప్టెన్, కో-పైలట్ సీట్ల మధ్య నేల మీద మోకరిల్లి, మిగిలిన రెండు ఇంజిన్ల థ్రాటిళ్లను ఒకటి పెంచుతూ ఇంకొకటి తగ్గిస్తూ విమానాన్ని తిప్పాడు.

44 నిమిషాలు అలా నడిపారు. సూ సిటీ రన్‌వే దగ్గర వేగం మామూలుకంటే చాలా ఎక్కువ, ఆపడానికి సాధనం లేదు. రెక్క నేలకు తగిలి విమానం ముక్కలైంది. 296 మందిలో 112 మంది చనిపోయారు, 184 మంది బతికారు. ప్రాణనష్టం జరిగిన ఘటనను గొప్ప రికార్డు అనవచ్చా అన్న సందేహం రావడం సహజం. తర్వాత సిమ్యులేటర్‌లో ఎంతోమంది ప్రయత్నించారు, అలాంటి విమానాన్ని సాఫీగా దించడం నేర్పగలిగిన పని కాదని తేలింది. 184 మంది బతకడమే ఆ లెక్కలో అద్భుతం. నేలమీది సన్నాహం కూడా తోడైంది: ఆ ఊరు రెండేళ్ల కిందటే పెద్ద విమాన ప్రమాదం వస్తే ఏం చేయాలో కసరత్తు చేసి ఉంది.

రెండు గంటల ఓపిక

ఇప్పుడు గడియారం రెండో చివరకు. 2010 నవంబరు 4న సింగపూర్ నుంచి సిడ్నీ బయల్దేరిన క్వాంటాస్ 32 ప్రపంచంలో అతిపెద్ద ప్రయాణికుల విమానం ఏ380. నాలుగు నిమిషాలకే దాని రెండో ఇంజిన్ పేలి ముక్కలు రెక్కను చీల్చాయి. 469 మంది ఉన్నారు. తెర మీద తప్పుల సందేశాలు వరస కట్టాయి. యాదృచ్ఛికంగా ఆ రోజు కాక్‌పిట్‌లో ఐదుగురు పైలట్లు. కెప్టెన్ రిచర్డ్ డి క్రెస్పిని వెంటనే వెనక్కి పరుగెత్తలేదు. విమానం ఎగురుతోంది, ఇంధనం ఉంది, కాబట్టి ముందు అర్థం చేసుకుందాం అన్నాడు. ఆ సందేశాల పని పూర్తి కావడానికే దాదాపు 50 నిమిషాలు పట్టింది. ఒక దశలో ఆయన ఆలోచన తిరగేశాడు: ఏమేమి పాడయ్యాయో కాకుండా, ఏమేమి ఇంకా పనిచేస్తున్నాయో లెక్కపెట్టాడు. విమానం నడవడానికి అవి చాలు.

4 వేల మీటర్ల రన్‌వేలో చివర్న మిగిలేది 100 మీటర్లేనని లెక్క తేలింది. టేకాఫ్ అయిన రెండు గంటల లోపే దిగారు, దాదాపు 150 మీటర్లు మిగిలాయి. బ్రేకులు ఎర్రగా కాలుతున్నాయి, రెక్కలోంచి ఇంధనం కారుతోంది, ఎడమ చివరి ఇంజిన్ ఆపితే ఆగడం లేదు. ఈ దశలో జనాన్ని తలుపులు తెరిచి జారుడు బల్లల మీదుగా దింపేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. సిబ్బంది అలా చేయలేదు. వేడి బ్రేకులు, కారుతున్న ఇంధనం, తిరుగుతున్న ఇంజిన్ మధ్యలోకి జనాన్ని దింపడం కంటే లోపలే ఉంచడం క్షేమమని నిర్ణయించి, అగ్నిమాపక దళం నురుగు చల్లాక కుడివైపు మెట్ల మీదుగా నడిపించారు. ఆ ఇంజిన్‌ను ఆపడానికి మూడు గంటలు పట్టింది. ఆ రోజు జరిగిన మంచి పనుల్లో నాకు ఇదే అన్నిటికంటే గొప్పగా తోస్తుంది.

2024 అక్టోబరు 11 సాయంత్రం తిరుచ్చి మీద మనమూ అలాంటి ఓపికే చూశాం. షార్జా బయల్దేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానంలో హైడ్రాలిక్ సమస్య వచ్చింది. 141 మంది ప్రయాణికులు. బోయింగ్ 737కి గాలిలో ఇంధనం పారబోసే ఏర్పాటు ఉండదు, బరువు తగ్గాలంటే కాల్చుకోవాల్సిందే. రెండు గంటలకు పైగా ఊరి మీద చక్కర్లు కొట్టారు. కింద అంబులెన్సులు, అగ్నిమాపక శకటాలు, ఫోన్లలో విమానం గీతలు చూస్తున్న లక్షల జనం. ఆ గుండ్రటి గీతలు చూసి పైలట్లు దిక్కుతోచక తిరుగుతున్నారనుకున్నవాళ్లూ ఉన్నారు. నిజానికి అప్పుడు విమానంలో జరుగుతున్నది దిగడానికి సిద్ధపడే పని. రాత్రి ఎనిమిది దాటాక మామూలుగా, సాఫీగా దిగింది.

ఆ విమానాలు ఏమయ్యాయంటే

1988 మే 24న కుండపోత వానకీ వడగళ్లకీ రెండు ఇంజిన్లూ ఆగి, న్యూ ఆర్లియన్స్ దగ్గర కరకట్ట పక్కన గడ్డిలో దిగిన టాకా 110 విమానంతో మొదలుపెడదాం. ఒంటి కన్నుతో దాన్ని దించిన కెప్టెన్ కార్లోస్ డార్డానో గురించి పైలట్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 45 మందీ బతికారు. ఆ విమానానికి ఇంజిన్ మార్చి పక్కనే ఉన్న రోడ్డు మీది నుంచి ఎగరేసుకుపోయారు. సౌత్‌వెస్ట్ సంస్థలో చేరి అది 2016 దాకా ప్రయాణికులను మోసింది.

క్వాంటాస్ ఏ380ని సుమారు 139 మిలియన్ ఆస్ట్రేలియా డాలర్ల ఖర్చుతో బాగుచేశారు, 2012 ఏప్రిల్‌లో మళ్లీ ఎగిరింది. హడ్సన్ నదిలోంచి తీసిన ఏ320 ఇప్పుడు అది చేరాల్సిన ఊరు షార్లట్‌లోనే మ్యూజియంలో ఉంది. గిమ్లీ గ్లైడర్‌కు ముక్కు బాగుచేసి మరో పాతికేళ్లు నడిపారు. 2008 జనవరిలో ఎడారిలోని పాత విమానాల విశ్రాంతి స్థలానికి అది చేసిన ఆఖరి ప్రయాణంలో పియర్సన్, క్వింటల్ ప్రయాణికులుగా కూర్చున్నారు. తర్వాత దాని పైతొడుగు రేకును చిన్న ముక్కలుగా కోసి, బ్యాగులకు తగిలించుకునే ట్యాగులుగా అమ్మారు.